సోఫాలో కునుకు, పక్క మీద మెలకువ

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి టీవీ ముందు సోఫాలో కూర్చునే జోగుతుంటాను. ఒక్కోసారి అరగంట, ముప్పావుగంట నిద్రపోతాను కూడా. ఎవరైనా లేపితే లేచి పక్క మీదికి చేరతాను. అంతే, కళ్లు విచ్చుకుంటాయి. ఇక ఒంటిగంటో, రెండో అయ్యేదాకా అటూ ఇటూ దొర్లడమే. పొద్దున ఆరున్నరకు అలారం మోగితే ఏడుపొస్తుంది. సాయంత్రం దాకా టీ, కాఫీల మీద నెట్టుకొస్తున్నాను. ఆదివారం పదింటి దాకా పడుకుంటాను గానీ ఆ రాత్రి ఇంకా అన్యాయం. పోనీ పెందలాడే పడుకుందామని తొమ్మిదింటికే లైట్లు ఆర్పేసినా లాభం లేదు. గురక లేదని మావారు అంటారు. రక్తపరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. ఇలా ఏడాది పైనే అయింది. నా మెదడులో నిద్రకు సంబంధించిన భాగమేదైనా దెబ్బతిందా? స్కాన్ తీయించుకోవాలా? నిద్రమాత్రలు మొదలుపెట్టనా? అసలు నిద్ర, మెలకువ మెదడులో ఎలా నడుస్తాయో కాస్త వివరంగా చెప్పండి.

సమాధానం: ముందు మీ భయం సంగతి చూద్దాం. మీ మెదడులో నిద్రపుచ్చే భాగం దెబ్బతినలేదు. దానికి రుజువు మీ ఉత్తరంలోనే ఉంది. కూర్చున్నచోటే, లైట్ల వెలుగులో, టీవీ మోతలో నిద్రపోతున్నారు. ఆ భాగం పాడైనవాళ్లకు పక్క మీదే కాదు, సోఫాలో కూడా నిద్ర రాదు. కాబట్టి దీనికోసం స్కాన్ అక్కర్లేదు. తీయించినా కారణం అందులో కనిపించదు.

నిద్రకు మెదడులో ఒక చోటంటూ ఉందా అన్న ప్రశ్న వందేళ్ల కిందట వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకనమో అనే డాక్టరుకు ఎదురైంది. 1916-17 చలికాలంలో అక్కడ ఒక వింత మెదడువాపు జబ్బు మొదలైంది. తర్వాత అది చాలా దేశాలకు పాకింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది రాత్రీ పగలూ నిద్రలోనే ఉండేవారు. లేపితే లేచి మాట్లాడి మళ్లీ నిద్రలోకి జారిపోయేవారు. కొందరికి మాత్రం దీనికి పూర్తిగా ఎదురు: రోజుల తరబడి కంటి మీద కునుకు ఉండేది కాదు. చనిపోయినవాళ్ల మెదళ్లను ఎకనమో పరీక్షించి చూశాడు. విపరీతంగా నిద్రపోయినవాళ్లకు హైపోథాలమస్ వెనక భాగంలో, అది మధ్యమెదడును కలిసే చోట దెబ్బ ఉంది. నిద్రే పట్టనివాళ్లకు హైపోథాలమస్ ముందు భాగంలో ఉంది. హైపోథాలమస్ అంటే మెదడు అడుగున మధ్యలో ఉండే చిన్న భాగం. ఆకలి, దాహం, ఒంటి వేడి లాంటివన్నీ అదే చూసుకుంటుంది. అంటే మనల్ని మేలుకొలిపి ఉంచడానికి ఒక చోటు, నిద్రపుచ్చడానికి ఇంకో చోటు ఉన్నాయన్నమాట. మెదడు స్కాన్లు లేని ఆ రోజుల్లో ఒక మనిషి రోగులను శ్రద్ధగా గమనించి అంత సరిగ్గా చెప్పగలిగాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. తర్వాతి శాస్త్రవేత్తలు చాలావరకు ఆ రెండు చోట్ల ఏయే కణాలు ఉన్నాయో వెతికి పట్టుకున్నారు.

మెలకువ పక్షంలో ఒక్క రకం కణాలు కాదు, చాలా రకాలు ఉన్నాయి. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో నార్‌అడ్రినలిన్, సెరటోనిన్ వదిలే కణాలు. హైపోథాలమస్ వెనక భాగంలో హిస్టమిన్ వదిలేవి. ఇంకా డోపమిన్, అసిటైల్‌కోలిన్ వదిలేవి. వీటి తీగలు మెదడంతా అల్లుకుని పై పొరను చురుగ్గా ఉంచుతాయి. మెదడు కాండంలోని ఈ ప్రాంతాన్ని కరెంటుతో ప్రేరేపిస్తే మెదడు తరంగాలు నిద్ర తీరు నుంచి మెలకువ తీరుకు మారిపోతాయని 1949లో మొరూజీ, మాగూన్ చూపించారు. మెలకువ అనేది ఊరికే ఉండే స్థితి కాదు. మెదడు క్షణక్షణమూ పనిచేసి నిలబెట్టుకునేది. జలుబు మాత్ర వేసుకుంటే మత్తుగా ఉంటుంది కదా, అది ఇక్కడి సంగతే. పాతతరం అలర్జీ మందులు ముక్కులోనే కాదు, మెదడులో కూడా హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి.

నిద్ర పక్షంలో ముఖ్యమైనవి హైపోథాలమస్ ముందు భాగంలోని ఒక చిన్న కణాల గుంపు. 1996లో క్లిఫర్డ్ సేపర్ బృందం వీటిని గుర్తించింది. మనం నిద్రపోతున్నప్పుడు ఇవి చురుగ్గా ఉంటాయి. గాబా అనే రసాయనంతో ఇందాక చెప్పిన మెలకువ కణాలన్నిటి నోరూ నొక్కుతాయి. అదే సమయంలో మెలకువ కణాలు కూడా వీటిని అణచి ఉంచుతాయి. ఒకటి పైచేయి అయితే రెండోది మూగబోతుంది. అది మూగబోయినకొద్దీ మొదటిది ఇంకా బలపడుతుంది. అందుకే సేపర్ దీన్ని స్విచ్‌తో పోల్చాడు: అటో ఇటో తప్ప మధ్యలో నిలవదు. రోజంతా సగం నిద్రలో, సగం మెలకువలో గడపకుండా కాపాడేది ఈ అమరికే. కాకపోతే స్విచ్ ఒకసారి మెలకువ వైపు గట్టిగా ఒరిగిందంటే కొంచెం నిద్రమత్తు వచ్చినంత మాత్రాన ఇటు తిరగదు. పక్క మీద మీకు జరుగుతున్నది ఇదే.

ఆ స్విచ్‌ను మెలకువ వైపు గట్టిగా పట్టి ఉంచే రసాయనం ఇంకొకటి ఉంది, ఒరెక్సిన్. 1998లో రెండు బృందాలు వేర్వేరుగా దీన్ని కనిపెట్టాయి. దీన్ని తయారుచేసే కణాలు మొత్తం మెదడులో కొన్ని పదుల వేలే ఉంటాయి. అంత తక్కువ ఉన్నా అవి పోతే ఏమవుతుందో నార్కోలెప్సీ అనే జబ్బు చెబుతుంది. చనిపోయిన నార్కోలెప్సీ రోగుల మెదళ్లను పరీక్షిస్తే, 85 నుంచి 95 శాతం ఒరెక్సిన్ కణాలు కనిపించలేదని 2000లో తేలింది. వాళ్లకు స్విచ్ నిలకడగా ఉండదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోతారు, గట్టిగా నవ్వితే మోకాళ్లు పట్టు తప్పుతాయి, రాత్రి నిద్ర కూడా ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

మీ విషయంలో ఒరెక్సిన్ గురించి తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ కణాలకు మెదడులోని భావోద్వేగాల ప్రాంతాల నుంచి నేరుగా సందేశాలు అందుతాయి. భయం, కోపం, టెన్షన్, ఆఖరికి పెద్ద సంతోషం కూడా వీటిని తట్టి లేపుతాయి. ప్రమాదం దగ్గర్లో ఉన్నప్పుడు ఎంత అలసిపోయినా నిద్రపట్టకపోవడం ప్రాణికి మంచిదే. చిక్కల్లా ఎక్కడంటే, నిజంగా ప్రమాదం ఉందా, లేక 'ఈ రాత్రి కూడా నిద్ర పట్టదేమో' అన్న ఆలోచన ఒక్కటే ఉందా అన్న తేడా ఈ కణాలకు తెలియదు. రెండింటికీ ఒకేలా లేస్తాయి.

సరే, ఆ స్విచ్‌ను రోజూ ఇటు నుంచి అటు తిప్పేదేమిటి? దీనికి 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ ఇచ్చిన వివరణ నేటికీ నిలిచి ఉంది. రెండు శక్తులు కలిసి పనిచేస్తాయన్నాడు. ఒకటి నిద్ర ఒత్తిడి, రెండోది లోపలి గడియారం.

నిద్ర ఒత్తిడి అర్థం చేసుకోవడం తేలిక. మేలుకుని ఉన్నకొద్దీ పెరుగుతుంది, నిద్రపోయినకొద్దీ తగ్గుతుంది. దీని వెనకున్న రసాయనాల్లో బాగా తెలిసినది అడినోసిన్. పగలంతా మెదడు కణాలు శక్తిని ఖర్చు చేస్తున్నకొద్దీ అడినోసిన్ పోగవుతూ మెలకువ కణాలను నెమ్మదింపజేస్తుంది. కాఫీ, టీలలోని కెఫీన్ చేసే పనల్లా అడినోసిన్ వెళ్లి అతుక్కోవాల్సిన చోట తాను అతుక్కోవడం. అడినోసిన్ అలాగే ఉంటుంది, దాని మాటే మెదడుకు వినిపించదు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి మామూలుగా ఐదు గంటలు పడుతుంది. కొందరిలో ఇంకా ఎక్కువ. సాయంత్రం ఐదున్నరకు తాగిన కాఫీలో సగం రాత్రి పదిన్నరకు కూడా మీలోనే ఉంటుంది. సాయంత్రం దాకా కాఫీల మీద నెట్టుకొస్తున్నానన్నారు. అలసట వల్ల కాఫీ, కాఫీ వల్ల రాత్రి మెలకువ, దానివల్ల మళ్లీ అలసట. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి.

ఇప్పుడు సోఫా నిద్ర సంగతి. నిద్ర ఒత్తిడి నిద్రలో సమానంగా తగ్గదు. మొదటి గంటన్నరలో వచ్చే గాఢనిద్రలోనే వేగంగా తగ్గుతుంది. అంటే సోఫాలో మీరు తీసే ఆ ముప్పావుగంట కునుకు రోజంతా పోగుచేసుకున్న నిద్రలోంచి అన్నిటికంటే చిక్కటి భాగాన్ని వాడేసుకుంటోంది. లేచి, లైటు వేసి, మొహం కడుక్కుని పక్క మీదికి వచ్చేసరికి ఒత్తిడి కాస్త తగ్గి ఉంటుంది, లేచి తిరిగినందుకు మెలకువ కణాలు ఒకసారి ఊపందుకుని ఉంటాయి. దీన్ని చిన్న విషయంగా తీసిపారేయకండి. నిద్ర పట్టడం లేదని చెప్పే చాలామంది దగ్గర ఈ సాయంకాలపు కునుకు ఊసే ఉండదు, అడిగితే తప్ప బయటికి రాదు. మీరు అడగకుండానే రాశారు, మంచిదైంది.

రెండోది గడియారం. కంటి నరాలు రెండూ ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, హైపోథాలమస్‌లో, రెండు వైపులా కలిపి దాదాపు 20,000 కణాల జంట గుంపు ఉంది. శరీరం మొత్తానికి ఇదే పెద్ద గడియారమని 1972లో రెండు బృందాలు ఎలుకల మీద ప్రయోగాల్లో చూపించాయి. దాన్ని తీసేస్తే ఎలుక మొత్తంగా నిద్రపోయే సమయం పెద్దగా మారదు గానీ ఎప్పుడు పడితే అప్పుడు నిద్రపోతుంది. ఒక్కో కణంలో కొన్ని జన్యువులు, అవి తయారుచేసే ప్రొటీన్లు ఒకదాన్నొకటి ఆపుకుంటూ, వదులుకుంటూ దాదాపు 24 గంటల చుట్టు తిరుగుతాయి. ఈ యంత్రాంగాన్ని ఈగల్లో కనిపెట్టినందుకే హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

ఈ గడియారం మన మాట వినదు. 1938లో నథానియల్ క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్త తన విద్యార్థితో కలిసి అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులు ఉన్నాడు. ఎండ పొడ పడని చోటు. అక్కడ రోజుకు 28 గంటలన్నట్టుగా నిద్ర వేళలు పెట్టుకున్నారు. కుర్రవాడైన విద్యార్థి ఒళ్లు కొంత సర్దుకుంది. క్లైట్‌మన్ ఒంటి వేడి మాత్రం నెల తిరిగినా 24 గంటలకోసారే పెరిగి తగ్గుతూ ఉండిపోయింది. మనసులో ఎంత గట్టిగా అనుకున్నా లోపలి గడియారం జరగదు.

మరి దేనికి జరుగుతుంది? ముఖ్యంగా వెలుతురుకు. మనిషి గడియారం చుట్టు సగటున 24 గంటల కంటే ఓ పది నిమిషాలు ఎక్కువ. అందుకని రోజూ దాన్ని కొంచెం కొంచెం సరిచేస్తూ ఉండాలి. ఆ పని చేసేది కంటి లోపలి పొరలో ఉండే కొన్ని ప్రత్యేక కణాలు. వాటి పని బొమ్మను చూపించడం కాదు, వెలుతురు ఎంత ఉందో గడియారానికి చెప్పడం. నీలిరంగు వెలుతురుకు ఇవి ఎక్కువగా స్పందిస్తాయి. చూపు పూర్తిగా పోయినవాళ్లలో కూడా కొందరికి ఈ కణాలు బాగుంటే గడియారం సరిగ్గానే నడుస్తుంది. పొద్దున్న పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే ఆ రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. రాత్రి పడే వెలుతురు వెనక్కి నెడుతుంది. చీకటి పడ్డాక ఈ గడియారం ఆజ్ఞ మీదే పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను వదులుతుంది. 1958లో ఆరన్ లెర్నర్ వేరుచేసిన ఈ హార్మోన్‌ను చాలామంది నిద్రమందు అనుకుంటారు. అది ఒంటికి రాత్రి అయిందని చెప్పే కబురు మాత్రమే, మత్తుమందు కాదు.

తొమ్మిదింటికి లైట్లు ఆర్పేస్తే నిద్ర ఎందుకు రాలేదో ఇప్పుడు చెప్పగలను. పగలు గడిచేకొద్దీ నిద్ర ఒత్తిడి పెరుగుతుంటే, దానికి పోటీగా గడియారం కూడా మెలకువ సంకేతాన్ని పెంచుకుంటూ పోతుంది. లేకపోతే మనందరం సాయంత్రం నాలుగింటికే కూలబడాలి. ఆ సంకేతం అన్నిటికంటే బలంగా ఉండేది రోజూ నిద్రపట్టే వేళకు ముందు రెండు మూడు గంటల్లో. ఆ తర్వాత గడియారం పట్టు వదులుతుంది, మెలటోనిన్ పెరుగుతుంది, ఒంటి లోపలి వేడి తగ్గుతుంది, అప్పటిదాకా ఆగి ఉన్న నిద్ర ఒక్కసారిగా ముంచుకొస్తుంది. ఏడాదిగా మీకు నిద్ర పడుతున్నది ఒంటిగంట దాటాక. మీ గడియారం దానికే అలవాటు పడి ఉంటుంది. అలాంటప్పుడు తొమ్మిదికి పడుకోవడమంటే నిద్ర తలుపు తెరుచుకోవడానికి కొన్ని గంటల ముందే వెళ్లి పక్క మీద పడుకుని ఎదురుచూడటం. ఆదివారం పది దాకా పడుకున్నప్పుడు పొద్దుటి వెలుతురు పోతుంది, రాత్రి నిద్రకు కావాల్సిన ఒత్తిడి పోగయ్యే సమయం కూడా మూడున్నర గంటలు తగ్గుతుంది. ఆ రాత్రి ఇంకా అన్యాయంగా ఉండటంలో వింత లేదు.

అయినా ఇవన్నీ చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. తొమ్మిదిన్నరకు గడియారం మెలకువలోనే ఉంచుతుంటే సోఫాలో కునుకెలా వస్తోంది? మీకు నిద్ర బాకీ చాలా ఉంది గనక. అంతకంటే ముఖ్యంగా, సోఫాలో మీరు నిద్ర కోసం ప్రయత్నించడం లేదు గనక. మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. సోఫాలో కూర్చున్నప్పుడు నిద్రపట్టిందా లేదా అని మీరు చూసుకోరు, టైమెంతైందని లెక్కపెట్టరు, రేపటి పని గుర్తుచేసుకోరు. పక్క మీదికి రాగానే ఇవన్నీ మొదలవుతాయి. ఏడాది పాటు రాత్రికి రెండు మూడు గంటలు ఆ పక్క మీద ఆదుర్దాగా మేలుకుని ఉన్నారు. మెదడు ఏ చోట ఏం జరుగుతుందో నేర్చుకుంటుంది. దిండు, చీకటి, ఆ గది ఇప్పుడు మీ మెదడుకు నిద్ర గుర్తులు కావు, మెలకువ గుర్తులు. తల దిండుకు తగలగానే గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, ఒరెక్సిన్ కణాలు లేస్తాయి, స్విచ్ ఇటు తిరగదు. నిద్ర కోసం ఎంత గట్టిగా ప్రయత్నిస్తే మెలకువ పక్షానికి అంత బలం. నిద్రపోవడం మనం చేసే పని కాదు. కావాల్సిన ఏర్పాట్లు చేసి తప్పుకుంటే దానంతటది జరిగేది.

ఇక్కడ మీకు కొంచెం ఊరటనిచ్చే మాట ఒకటి. రెండింటి దాకా దొర్లానని మీరనుకునే సమయమంతా పూర్తి మెలకువ కాకపోవచ్చు. తొలి దశ మాగన్ను నిద్రలో ఉన్నవాళ్లను లేపి అడిగితే చాలామంది అసలు నిద్రే పోలేదంటారు. మీరు పడే బాధ అబద్ధమని కాదు నేననేది. ఆ బాధ నిజమే. కాకపోతే అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే నిద్రపోతూ ఉండొచ్చని తెలిస్తే భయం కొంత తగ్గుతుంది, అంతే.

ఇక ఏం చేయాలి. పొద్దున ఆరున్నర లేచే వేళను ఆదివారం కూడా మార్చకండి. రాత్రి ఎంత ఘోరంగా గడిచినా సరే. పడుకునే వేళ మన చేతిలో లేదు, లేచే వేళ మన చేతిలో ఉంది. మొత్తం వైద్యం దీని మీదే నిలబడుతుంది. లేచిన గంటలోపు ఆరుబయట వెలుతురులో ఓ అరగంట గడపండి. మబ్బు పట్టిన రోజు కూడా బయటి వెలుతురు ఇంట్లో లైట్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాఫీ, టీ మధ్యాహ్నం పన్నెండుతో ఆపేయండి. మొదట్లో తలనొప్పి రావచ్చు, అందుకని ఒక్కసారిగా కాకుండా వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ రండి.

పక్క మీదికి మాత్రం రాత్రి పన్నెండున్నరకు ముందు వెళ్లకండి. 'నిద్ర లేదని రాస్తే ఇంకా ఆలస్యంగా పడుకోమంటారా' అని మీకు అనిపించడం సహజం. ఇప్పుడు మీకు వస్తున్న నిద్ర దాదాపు ఐదు గంటలు. దాన్ని ఎక్కువ గంటల మీద పరిచినందువల్లే పలచబడింది. పక్క మీద ఉండే సమయాన్ని ఆరు గంటలకు కుదిస్తే నిద్ర ఒత్తిడి పెరిగి, పడుకోగానే పట్టి, మధ్యలో చెదరకుండా ఉంటుంది. ఓ వారం పాటు పక్క మీద ఉన్న సమయంలో ఎక్కువ భాగం నిద్రలోనే గడిస్తే పడుకునే వేళను పావుగంట ముందుకు జరపండి. మళ్లీ వారానికి ఇంకో పావుగంట. అలా మీకు సరిపోయే చోట ఆగండి. ఈ పద్ధతిని ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో ప్రచురించాడు. మొదటి వారం, రెండో వారం పగలు నిద్ర తన్నుకొస్తుంది, ముందే చెప్తున్నాను. ఆ రోజుల్లో బండి నడపకండి, యంత్రాల దగ్గర పనులు పెట్టుకోకండి. మూర్ఛ ఉన్నవాళ్లు, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఈ పద్ధతి జోలికి అసలు పోకూడదు. నిద్ర తగ్గితే ఆ జబ్బులు తిరగబెడతాయి.

తొమ్మిదిన్నరకు సోఫాలో కళ్లు మూతలు పడుతున్నప్పుడు లేచి నిలబడండి. మీవారిని కాపలా పెట్టినా తప్పులేదు, జోగితే లేపమనండి. చేతులతో చేసే పనేదైనా ఆ వేళకు అట్టేపెట్టుకుంటే మంచిది. లైట్లు తగ్గించండి. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు గోరువెచ్చటి నీళ్ల స్నానం కొందరికి సాయపడుతుంది. చర్మానికి రక్తం వచ్చి ఒంటి లోపలి వేడి త్వరగా బయటికి పోతుంది, ఆ తగ్గుదల నిద్రకు అనుకూలం.

పన్నెండున్నరకు పడుకున్నాక కూడా ఇరవై నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లండి. గడియారం చూడొద్దు, అంచనా చాలు. తక్కువ వెలుతురులో మనసును లాగని పనేదైనా చేసుకుని, రెప్పలు బరువెక్కాకే తిరిగి రండి. అవసరమైతే రాత్రికి నాలుగుసార్లు. చదవడం, ఫోను, మర్నాటి పనుల ఆలోచన ఏదీ పక్క మీద వద్దు. రిచర్డ్ బూట్‌జిన్ 1972లో మొదలుపెట్టిన ఈ పద్ధతి వల్ల పక్క మళ్లీ మెదడుకు నిద్ర గుర్తుగా మారుతుంది. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ ఏడాదిగా మెదడు నేర్చుకున్నది చెరిపెయ్యాలంటే దానికి ఎదురుగా మళ్లీ నేర్పడం తప్ప దారి లేదు. ఆలోచనలు తెరిపివ్వకపోతే సాయంత్రం ఏడింటికే ఒక కాగితం మీద రేపటి పనులు, వాటి గురించి ఏం చేయబోతున్నారో రాసేసి పక్కన పెట్టండి.

మాత్రల సంగతి. ఎక్కువగా వాడే నిద్రమాత్రలు గాబా ప్రభావాన్ని మెదడంతటా పెంచుతాయి. స్విచ్ దగ్గర మాత్రమే కాదు, జ్ఞాపకం, నడకలో నిలకడ చూసుకునే చోట్ల కూడా. అందుకే పొద్దున మగత, మతిమరుపు, తూలి పడిపోవడం. కొన్ని రకాలు గాఢనిద్రను తగ్గిస్తాయి, వారాల తరబడి వాడితే అలవాటు పడతాయి. 2014 నుంచి కొన్ని దేశాల్లో ఒరెక్సిన్‌ను అడ్డుకునే మాత్రలు కూడా వచ్చాయి. ఆలోచనగా చూస్తే అవి మెరుగే, మొత్తం మెదడును అణచకుండా మెలకువ పక్షం పట్టును మాత్రం సడలిస్తాయి. ఏదైనా పెద్ద కష్టం వచ్చిన వారం పది రోజులకు డాక్టరు మాత్ర రాస్తే వేసుకోవడంలో తప్పులేదు. ఏడాదిగా ఉన్న మీ ఇబ్బందికి మాత్రం మాత్రతో మొదలుపెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఇందాక చెప్పిన పద్ధతులన్నీ కలిపి చేసే నిద్రలేమి బిహేవియర్ థెరపీనే ముందు చేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ కూడా 2016లో సిఫార్సు చేసింది. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్లు ఇది చదివి ఒక్కసారిగా మానేయకండి, ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించుకోవాలి. మద్యం తాగితే నిద్రపడుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. మొదట మత్తు వస్తుంది, రాత్రి రెండో సగం ముక్కలైపోతుంది.

కొన్ని సంగతులుంటే మాత్రం ఈ ప్రయత్నం పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నిద్రలో ఊపిరి ఆగినట్టవడం, ఉక్కిరిబిక్కిరై లేవడం. రాత్రి పడుకుంటే కాళ్లలో కదిలించకుండా ఉండలేని ఇబ్బంది. పగలు పని మధ్యలో ఆపుకోలేని నిద్ర. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తెల్లారుజామునే మెలకువ వచ్చి దిగులు కమ్ముకోవడం. మీ వయసులో నెలసరి మార్పుల వల్ల రాత్రిళ్లు ఒంట్లో వేడి ఆవిర్లు, చెమటలు వచ్చి నిద్ర చెడటం కూడా ఉంటుంది. అలా ఉంటే గైనకాలజిస్టుకు చెప్పండి, దానికి వేరే వైద్యం ఉంది.

ఈ రోజు నుంచే ఒక నోట్సు పెట్టుకోండి. ఎప్పుడు పడుకున్నారు, దాదాపు ఎప్పుడు నిద్రపట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎప్పుడు లేచారు, సోఫాలో కునుకు తీశారా, చివరి కాఫీ ఎప్పుడు. ఇవన్నీ పొద్దున లేచాక గుర్తున్నంతవరకే రాయండి, రాత్రి గడియారం చూసి కాదు. చెప్పినవన్నీ మానకుండా ఆరు వారాలు చేసినా మార్పు లేకపోతే ఆ నోట్సు తీసుకుని నిద్ర సమస్యలు చూసే డాక్టరును కలవండి. స్కాన్ కంటే ఆ కాగితాలే వాళ్లకు ఎక్కువ పనికొస్తాయి.